పెద్దపేగు తీసేయాలన్నారు: పౌచ్ పెట్టించుకోవాలా, బ్యాగుతోనే ఉండాలా?

మా తమ్ముడికి అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగులో పుండ్లు పడి రక్తంతో విరేచనాలయ్యే జబ్బు. పెద్దపేగు తీసేయాలని డాక్టర్ గారు చెప్పిన రోజు మా ఇంట్లో అందరం ఒకటే అడిగాం: "బ్యాగు పెడతారా సార్?" ఏ ఆపరేషన్, ఎందుకు, ఎన్ని విడతలు, తర్వాత రోజులు ఎలా గడుస్తాయి అని ఒక్కరమూ అడగలేదు. మలం పడడానికి పొట్ట మీద అతికించే ఆ బ్యాగు అన్న మాట దగ్గరే మా బుర్రలు ఆగిపోయాయి.

ఆ తర్వాత ఏడాదిన్నరలో మూడు ఆపరేషన్లు చూశాను. ఓపీ బయట బెంచీల మీద, వార్డుల్లో, ఇదే జబ్బుతో వచ్చిన చాలామందితో మాట్లాడాను. ఇప్పుడు తెలిసినవాళ్లెవరైనా ఫోన్ చేసి "అక్కా, ఏ ఆపరేషన్ మంచిది?" అని అడిగితే మొదట ఒక మాట చెప్తాను. పెద్దపేగు తీయించుకోవడం ఒక నిర్ణయం. చిన్నపేగుతోనే లోపల సంచి కట్టి మలద్వారానికి కలిపే పౌచ్ కావాలా, శాశ్వతంగా బ్యాగు కావాలా అన్నది ఇంకో నిర్ణయం. చాలామందికి ఈ రెండూ ఒకేరోజు తేల్చుకోవాల్సిన అవసరం ఉండదు. మొదటిది మాత్రం వాయిదా వేస్తూ పోకూడదు. రెండోది ఒంట్లో బలం వచ్చాక, మనసు కుదుటపడ్డాక తీరిగ్గా తీసుకోవచ్చు.

ముందు జబ్బు పేరు తేలాలి

పేగుపూత అని, కొలైటిస్ అని అందరం ఒకే మాటగా అనేస్తాం కానీ, ఆపరేషన్ ఎంపికంతా రెండు జబ్బుల మధ్య తేడా మీదే ఆధారపడుతుంది. అల్సరేటివ్ కొలైటిస్ పురీషనాళంలో (మలద్వారానికి పైన ఉండే పేగు చివరి భాగం) మొదలై, మధ్యలో ఎక్కడా ఖాళీ వదలకుండా పెద్దపేగులో పైకి పాకుతుంది. పేగు లోపలి పొరలోనే ఉంటుంది, చిన్నపేగు జోలికి పోదు. కాబట్టి పెద్దపేగు, పురీషనాళం తీసేస్తే పేగులో ఆ జబ్బుకి చోటే ఉండదు. కీళ్లనొప్పులు, నడుము బిగుసుకుపోవడం, కాలేయం గొట్టాల వాపు లాంటివి ఉన్నవాళ్లకి అవన్నీ ఆపరేషన్‌తో పోతాయని మాత్రం అనుకోవద్దు.

క్రోన్స్ వేరు. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, ఇక్కడొక ముక్క అక్కడొక ముక్క పాడుచేస్తుంది, పేగు గోడ మందమంతా తినేస్తుంది. పెద్దపేగు తీసేసినా చిన్నపేగులో మళ్లీ రావచ్చు. అందుకే అల్సరేటివ్ కొలైటిస్‌లో మామూలుగా చేసే పౌచ్ ఆపరేషన్‌ను క్రోన్స్‌లో సాధారణంగా చేయరు. చేస్తే ఆ పౌచ్‌కే జబ్బు పట్టి, పుండ్లు, ఫిస్టులాలు (పేగు నుంచి పక్కకి పడే చీము దారులు) వచ్చి చివరికి పౌచ్ తీసేయాల్సి వచ్చే ప్రమాదం ఎక్కువ.

మన దేశంలో ఇంకో చిక్కుంది. పేగు టీబీ చూడడానికి అచ్చం క్రోన్స్ లాగే ఉంటుంది. మా పిన్నికి ముందు టీబీ అనే మందులు మొదలుపెట్టారు. రెండు నెలల తర్వాత మళ్లీ కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేసి చూస్తే పుండ్లు ఏమాత్రం మానలేదు, అప్పుడు క్రోన్స్ అని తేల్చారు. ఆ రెండు నెలలూ వృథా అయ్యాయని పిన్ని బాధపడింది కానీ, టీబీ ఉండగా స్టెరాయిడ్లు, బయలాజిక్స్ లాంటి రోగనిరోధక శక్తిని అణిచే మందులు ఇచ్చేస్తే అది విజృంభిస్తుంది. కాబట్టి ఆపరేషన్ మాట వచ్చినప్పుడు పాత బయాప్సీ స్లైడ్లన్నీ ఇంకొక పాథాలజిస్టుకి చూపించమని అడగండి. ముఖ్యంగా పౌచ్ పెట్టేముందు ఇది అడిగి తీరాలి. కొంతమందిలో ఎంత చూసినా ఏ జబ్బో స్పష్టంగా తేలదు. వాళ్లకి పౌచ్ పెట్టవచ్చు గానీ, ఫెయిలయ్యే అవకాశం కొంచెం ఎక్కువని ముందే చెప్పి పెడతారు.

ఆపరేషన్ దాకా ఎందుకొస్తుంది

ఏళ్ల తరబడి మందులు వాడినా జబ్బు లొంగకపోవడం, స్టెరాయిడ్ మానేసిన ప్రతిసారీ తిరగబెట్టడం, కొలనోస్కోపీలో క్యాన్సర్‌కి ముందు దశ మార్పులు కనిపించడం, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం. ఇవి ప్లాన్ చేసుకుని చేయించుకునే ఆపరేషన్లకి కారణాలు. పెద్దపేగు అంతటా జబ్బు ఉన్నవాళ్లు, జబ్బు మొదలై సుమారు 8 ఏళ్లు దాటాక క్యాన్సర్ కోసం కొలనోస్కోపీ పరీక్షలు మొదలుపెట్టాలి. మోషన్స్ తగ్గిపోయాయి కదా అని చాలామంది మానేస్తారు. దయచేసి మానకండి.

రెండో రకం ఎమర్జెన్సీ. రోజుకి ఆరు, అంతకంటే ఎక్కువ సార్లు రక్తంతో విరేచనాలు, దానికి తోడు జ్వరమో, నాడి 90 దాటడమో, రక్తం బాగా తగ్గడమో ఉంటే దాన్ని తీవ్రమైన కొలైటిస్ అంటారు. 1955లో ట్రూలవ్, విట్స్ అనే ఇద్దరు బ్రిటిష్ డాక్టర్లు పెట్టిన ఈ కొలతనే ఇప్పటికీ వాడుతున్నారు. ఆస్పత్రిలో చేర్చి నరం ద్వారా స్టెరాయిడ్ ఇస్తారు. మూడోరోజుకి గుణం కనిపించాలి. కనిపించకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్ గానీ సైక్లోస్పోరిన్ గానీ, ఇంకో మందు ప్రయత్నిస్తారు. దానికీ లొంగకపోతే ఆపరేషనే. పెద్దపేగు ఉబ్బి 6 సెంటీమీటర్లు దాటినా, చిల్లు పడినా, రక్తం ఆగకపోయినా ఇక మాట్లాడుకోవడానికి టైముండదు.

ఇక్కడే మా వాళ్లం పొరపాటు చేశాం. మూడోరోజునే సర్జన్‌ని పిలిపించారు. "ఇంకొక్క మందు చూద్దాం, ఇంకొక్క రోజు చూద్దాం" అని మా నాన్న బతిమాలాడు. తమ్ముడు అప్పటికే 11 కిలోలు తగ్గిపోయాడు. ఎనిమిదో రోజు రాత్రి హడావిడిగా లోపలికి తీసుకెళ్లారు. ఒంట్లో ప్రోటీన్ పడిపోయి, రోజుల తరబడి స్టెరాయిడ్ ఎక్కి, ఇన్ఫెక్షన్ మొదలయ్యాక చేసే ఆపరేషన్‌కి, రెండు రోజుల ముందు చేసే ఆపరేషన్‌కి ప్రమాదంలో చాలా తేడా ఉంటుంది. సర్జన్ గారు మంచం దగ్గరికి వచ్చారంటే ఇక అయిపోయిందని అనుకోవద్దు. మొదటిరోజు నుంచే ఆయన కూడా చూస్తుండడం మంచి ఆస్పత్రి లక్షణం.

ఎమర్జెన్సీలో ఎంపిక దాదాపు ఒకటే

ఈ పరిస్థితిలో పురీషనాళాన్ని అలాగే వదిలి, పెద్దపేగు మాత్రం తీసేసి, చిన్నపేగు చివరను పొట్ట మీదికి తెస్తారు. సబ్‌టోటల్ కొలెక్టమీ, ఇలియోస్టమీ అంటారు. పొట్ట మీద కనిపించే ఆ పేగు చివరే స్టోమా. అదే రాత్రి పౌచ్ కూడా పెట్టేయమని అడగొద్దు. నీరసించిన ఒంట్లో కుట్లు నిలవవు, లీకయితే పౌచ్ మొత్తానికే పోతుంది.

ఈ ఆపరేషన్‌లో నాకు బాగా నచ్చిన సంగతి, ఏ దారీ మూసుకుపోదు. కటి భాగంలోకి (పొత్తికడుపు కింద, తుంటి ఎముకల మధ్య) కత్తి పెట్టరు కాబట్టి అక్కడి నరాలు, ఆడవాళ్లలో గర్భసంచి, ట్యూబుల చుట్టుపక్కల అంతా భద్రంగా ఉంటుంది. స్టెరాయిడ్లు మెల్లగా మానేయవచ్చు, బరువు పెరగవచ్చు. తీసిన పేగు మొత్తాన్ని పాథాలజీలో చూస్తారు కాబట్టి క్రోన్సా, అల్సరేటివ్ కొలైటిసా అన్నది మరింత నమ్మకంగా తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, బ్యాగుతో బతుకు ఎలా ఉంటుందో కొన్ని నెలలు స్వయంగా చూశాక రెండో నిర్ణయం తీసుకోవచ్చు.

మిగిల్చిన పురీషనాళంలో జబ్బు ఇంకా ఉంటుంది కాబట్టి కింద నుంచి జిగురు, అప్పుడప్పుడు కొంచెం రక్తం వస్తాయి. మాకెవరూ ముందు చెప్పలేదు. ఇంటికొచ్చిన వారానికి అది చూసి, ఆపరేషన్ ఫెయిలయిందనుకుని అర్ధరాత్రి ఆటోలో పరిగెత్తాం.

స్టోమా గుర్తు పెట్టించుకోవడం మర్చిపోవద్దు

స్టోమా ఎక్కడ రావాలో ఆపరేషన్‌కి ముందే పొట్ట మీద మార్కర్ పెన్నుతో గుర్తు పెట్టాలి. పేషెంటును పడుకోబెట్టి, కూర్చోబెట్టి, ముందుకి వంచి, నిలబెట్టి చూస్తారు. పొట్ట మడత ఎక్కడ పడుతోంది, ప్యాంటు బెల్టు గానీ చీర కుచ్చిళ్లు గానీ లుంగీ ముడి గానీ ఎక్కడ వస్తాయి, పేషెంటుకి తన కళ్లతో తనకి ఆ చోటు కనిపిస్తుందా. ఇవన్నీ చూసి, సాధారణంగా బొడ్డుకి కుడివైపు కింద గుర్తు పెడతారు. పది నిమిషాల పని.

మా తమ్ముడికి ఆ రాత్రి హడావిడిలో ఆ పది నిమిషాలు ఎవరూ పెట్టలేదు. స్టోమా సరిగ్గా కూర్చుంటే మడతపడే గీత మీదకి వచ్చింది. కూర్చున్న ప్రతిసారీ ఫ్లాంజ్ (బ్యాగును చర్మానికి అతికించే పట్టీ) అంచు లేచిపోయేది, కింద నుంచి లీకయ్యేది. చిన్నపేగు నుంచి వచ్చే దాంట్లో జీర్ణరసాలుంటాయి, చర్మం మీద పడితే కాలినట్టు ఎర్రబడిపోతుంది. మొదటి నెలంతా వాడు పడిన బాధకి బ్యాగు కారణం అనుకున్నాం. అసలు కారణం చోటు. తర్వాత స్టోమా నర్సు ఒకావిడ బెల్టు, పేస్టు, గుంటను పూడ్చే ఉంగరం లాంటి పట్టీ పెట్టి నేర్పించాక సగం బాధ తగ్గింది. ఎమర్జెన్సీ అయినా సరే, "స్టోమా మార్కింగ్ చేశారా?" అని ఇంటివాళ్లలో ఒకరు అడగండి.

ఇక అసలు పోలిక: జే పౌచ్

చిన్నపేగు చివరి భాగాన్ని మడిచి, కుట్టి, 15 నుంచి 20 సెంటీమీటర్ల పొడవున్న సంచిలా చేసి, పురీషనాళం తీసేసిన చోట మలద్వారానికి కలుపుతారు. ఇంగ్లిష్ అక్షరం జే ఆకారంలో ఉంటుంది కాబట్టి ఆ పేరు. 1978లో లండన్‌లో పార్క్స్, నికల్స్ ఈ ఆపరేషన్‌ను ప్రకటించినప్పుడు సంచిని మూడు మడతలుగా కుట్టేవారు. జపాన్‌కి చెందిన ఉత్సునోమియా 1980లో రెండు మడతల జే రూపం తెచ్చాక అదే స్థిరపడింది.

మామూలు దారిలోనే మోషన్ అవుతుంది, బ్యాగు ఉండదు. ఇదే దీని పెద్ద బలం. మరి "మామూలు" అంటే ఎంత మామూలు? ఇక్కడ చాలామంది తప్పుగా ఊహించుకుంటారు. అంతా కుదురుకున్నాక కూడా రోజుకి 4 నుంచి 8 సార్లు వెళ్లాలి, అందులో ఒకసారి రాత్రిపూట కావచ్చు. మోషన్ మెత్తగా, పెరుగులా ఉంటుంది, గట్టిపడదు. కుదురుకోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. మొదటి వారాల్లో పది, పదిహేను సార్లు కూడా వెళ్లాల్సి వస్తుంది. నిద్రలో కొంచెం తడి కారితే ప్యాడ్ పెట్టుకోవాల్సి రావచ్చు. మోషన్లు తగ్గడానికి లోపెరమైడ్, ఇసబ్గోల్ లాంటివి వాడమంటారు. కింద మంట తగ్గడానికి జింక్ ఆక్సైడ్ క్రీము మా ఇంట్లో టూత్‌పేస్టులా అయిపోయేది.

లెక్క చూస్తే ఎనిమిది సార్లు అంటే భయమేస్తుంది. కానీ కొలైటిస్‌లో అసలు నరకం ఆగలేకపోవడం. లోపల మంట లేని పౌచ్‌లో అది చాలావరకు పోతుంది, కాసేపు ఆపుకోవచ్చు. మా తమ్ముడు ఎల్బీనగర్ నుంచి రాయదుర్గం ఆఫీసుకి మెట్రోలో వెళ్తాడు, అమీర్‌పేటలో మారాలి. జబ్బు ముదిరినప్పుడు ఏ స్టేషన్లో టాయిలెట్ ఎక్కడుందో వాడికి నోటికి తెలుసు, ఆఫీసు బ్యాగులో ఎప్పుడూ ఇంకో ప్యాంటు ఉండేది. పౌచ్ కుదురుకున్నాక ఒకరోజు సాయంత్రం ఇంటికొచ్చి, "అక్కా, ఇవాళ పొద్దున ఎక్కడా దిగకుండ పోయిన" అన్నాడు. అంతే అన్నాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

పౌచ్‌కి దాని కష్టాలున్నాయి. పౌచైటిస్ అని సంచి లోపల వాపు వస్తుంది. పౌచ్ ఉన్నవాళ్లలో సుమారు సగంమందికి ఎప్పుడో ఒకసారైనా వస్తుందంటారు. సిప్రోఫ్లాక్సాసిన్ గానీ మెట్రోనిడజోల్ గానీ రెండు వారాలు వాడితే ఎక్కువమందికి తగ్గిపోతుంది. కొద్దిమందికి మాత్రం మళ్లీమళ్లీ వచ్చి దీర్ఘకాలిక సమస్యగా మారుతుంది. పైన కుట్టుకి, మలద్వారానికి మధ్య మిగిలిన చిన్న అంచులో పాత జబ్బు తిరిగి లేవవచ్చు. కుట్టు దగ్గర లీకయితే కటిలో చీము పట్టి, పౌచ్ పనితీరు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. ఏళ్లు గడిచేకొద్దీ సుమారు 5 నుంచి 10 శాతం మందికి పౌచ్ పనిచేయక తిరిగి శాశ్వత స్టోమాకి రావాల్సి వస్తుంది.

పెళ్లి, పిల్లల సంగతి ఎవరూ పైకి మాట్లాడరు గానీ, ముందే మాట్లాడుకోవాల్సింది అదే. కటిలో చేసే ఆపరేషన్ వల్ల ట్యూబుల చుట్టూ అతుకులు ఏర్పడి, ఆడవాళ్లలో సహజంగా గర్భం రావడం కష్టమయ్యే అవకాశం బాగా పెరుగుతుంది. ల్యాప్రోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల ద్వారా చేస్తే ఈ ఇబ్బంది తక్కువ. ఐవీఎఫ్ దారి ఉంటుంది. పిల్లలు కావాలనుకునే అమ్మాయి అయితే మొదటి విడత ఆపరేషన్‌తో ఆగి, స్టోమాతోనే పిల్లల్ని కని, ఆ తర్వాత పౌచ్ పెట్టించుకోవచ్చు. స్టోమాతో గర్భం దాల్చవచ్చు, బిడ్డను కనవచ్చు. పౌచ్ తర్వాత కాన్పుకి చాలామంది డాక్టర్లు సిజేరియన్‌నే ఇష్టపడతారు. మగవాళ్లలో అంగస్తంభనకి, వీర్యస్ఖలనానికి సంబంధించిన నరాలు దెబ్బతినే ప్రమాదం తక్కువే, కానీ ఉంది. కావాలంటే ముందుగా వీర్యం భద్రపరచుకోవచ్చు. ఇది పురీషనాళం తీసే ఏ ఆపరేషన్‌కైనా వర్తిస్తుంది, బ్యాగు ఎంచుకుంటే తప్పించుకోలేం.

పౌచ్ ఎవరికి నప్పదు? మలద్వారం బిగించే కండరం బలహీనంగా ఉన్నవాళ్లకి, కాన్పులో అక్కడ బాగా చినిగినవాళ్లకి, క్రోన్స్ ఉన్నవాళ్లకి, పురీషనాళం కింది భాగంలో క్యాన్సర్ ఉన్నవాళ్లకి. వయసు అరవై దాటినంత మాత్రాన వద్దనరు, ఆ కండరం బలాన్ని పరీక్షించి చెప్తారు.

శాశ్వత ఇలియోస్టమీ

పెద్దపేగు, పురీషనాళం, మలద్వారం అన్నీ తీసి, కింద దారి కుట్టేసి, చిన్నపేగు చివరను పొట్ట మీద శాశ్వతంగా ఉంచడం. ఒక్క ఆపరేషన్‌తో అయిపోవచ్చు. పౌచైటిస్ లేదు, పౌచ్ లీకు లేదు, మిగిలిన అంచులో జబ్బు లేదు. వెనక్కి మళ్లే దారి మాత్రం లేదు. కింద కుట్టిన గాయం కొందరికి మానడానికి వారాలు, నెలలు పడుతుంది, కూర్చోవడం కష్టంగా ఉంటుంది.

మా వార్డులోనే ఉన్న ఒక లెక్చరర్ గారు, యాభై దాటిన మనిషి, పౌచ్‌కి అర్హురాలై కూడా బ్యాగు ఎంచుకున్నారు. "మళ్లీ రెండుసార్లు మత్తు ఎక్కించుకుని, ఏడాదిపాటు బాత్రూమ్ చుట్టూ తిరిగే ఓపిక నాకు లేదమ్మా. క్లాసులో గంట నిలబడితే చాలు" అన్నారు. ఇప్పుడు నిలబడుతున్నారు. పౌచ్ వద్దన్నవాళ్లు ఓడిపోయినట్టు చూసే అలవాటు మన ఆస్పత్రుల్లో, మన ఇళ్లల్లో రెండుచోట్లా ఉంది. దాన్ని చూస్తే నాకు చాలా బాధ. బ్యాగంటే సిగ్గుతో పౌచ్‌కి పరిగెత్తినవాళ్లు, కష్టమొచ్చినప్పుడు తట్టుకోలేకపోవడం చూశాను.

బ్యాగు మార్చడం ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే అది కళ్లారా చూసేదాకా నేనూ దడుచుకున్నాను. పొద్దున్నే, టిఫిన్ తినకముందు మార్చాలి, అప్పుడు పేగు నిదానంగా ఉంటుంది. పాత ఫ్లాంజ్‌ని పై నుంచి కిందికి మెల్లగా ఊడదీసి, గోరువెచ్చని నీళ్లతో తుడిచి, తడి లేకుండా ఆరనివ్వాలి. స్టోమా పెదవి లోపలి రంగులో ఎర్రగా, తడిగా మెరుస్తుంటుంది. ముట్టుకుంటే నొప్పి తెలియదు, తుడిచేటప్పుడు కొంచెం రక్తపు చార వస్తే కంగారు పడక్కర్లేదు. కొలత అట్టతో సైజు చూసి, స్టోమాకి చుట్టూ రెండు మిల్లీమీటర్లు మాత్రం వదిలి ఫ్లాంజ్‌కి రంధ్రం కత్తిరించాలి. అతికించి, అరచేతిని రెండు నిమిషాలు పైన ఆనించి ఉంచితే వేడికి పట్టుకుంటుంది. మొదటిసారి నాకు ముప్పావుగంట పట్టింది, నా చేతులు వణికాయి. నెల తిరిగేసరికి తమ్ముడే పది నిమిషాల్లో చేసుకునేవాడు. ఫ్లాంజ్ మూడు నాలుగు రోజులు ఉంటుంది. బ్యాగు మూడోవంతు నిండగానే ఖాళీ చేయాలి, రోజుకి నాలుగు నుంచి ఆరుసార్లు.

ఈ స్టోమా ఇంత సుఖంగా ఉండడానికి ఒక కారణముంది. పూర్వం పేగు చివరను చర్మంతో సమానంగా కుట్టేవారు, చర్మమంతా కాలిపోయేది. 1952లో బ్రయన్ బ్రూక్ అనే బ్రిటిష్ సర్జన్ పేగు అంచును చొక్కా చేయి మడిచినట్టు మడిచి, రెండు మూడు సెంటీమీటర్లు బయటికి ఉండేలా కుట్టడం చూపించారు. ద్రవం నేరుగా బ్యాగులో పడుతుంది. మీ స్టోమా చర్మంతో సమానంగా ఉండిపోతే లీకు సమస్యలు వస్తాయి, సర్జన్‌కి చూపించండి.

హైదరాబాద్ మే నెల ఎండల్లో అసలు శత్రువు నీరు తగ్గిపోవడం. పెద్దపేగు చేసే పెద్దపని నీటిని, ఉప్పును వెనక్కి లాగడం. అది లేకపోతే రెండూ బ్యాగులోకి పోతాయి. మామూలుగా రోజుకి 500 నుంచి 800 మిల్లీలీటర్లు వస్తుంది. లీటరున్నర దాటుతోందంటే ప్రమాదం. దాహమేస్తోందని బిందెలు బిందెలు మామూలు నీళ్లు తాగితే ఇంకా ఎక్కువ బయటికి పోతుంది. ఓఆర్ఎస్, ఉప్పు వేసిన గంజి, ఉప్పు మజ్జిగ తాగాలి. మూత్రం ముదురు రంగులోకి మారడం, నిలబడితే కళ్లు తిరగడం కనిపిస్తే అదేరోజు డాక్టర్‌కి చెప్పాలి.

తిండి సంగతి: మొదటి ఆరు వారాలు పీచు తక్కువ. తర్వాత చాలావరకు అన్నీ తినొచ్చు, బాగా నమలాలి. మొక్కజొన్న పొత్తులు, పచ్చి కొబ్బరి, పల్లీలు, పుట్టగొడుగులు ముద్దకట్టి దారి మూసేస్తాయి. పౌచ్ ఉన్నవాళ్లకి ఆవకాయ కారం తినేటప్పుడు కంటే బయటికి వచ్చేటప్పుడు ఎక్కువ మండుతుంది. నెమ్మదిగా విడుదలయ్యే రకం మాత్రలు అరగకుండానే బ్యాగులోకి వచ్చేయవచ్చు కాబట్టి, ఏ డాక్టర్ మందు రాసినా స్టోమా ఉందని చెప్పాలి.

గుడికి వెళ్లొచ్చా, నమాజు చేసుకోవచ్చా, బోనం ఎత్తొచ్చా అని వార్డులో చాలామంది మెల్లగా, ఎవరూ వినకుండా అడిగేవాళ్లు. బ్యాగు సరిగ్గా అతికితే వాసన బయటికి రాదు. స్నానం చేయొచ్చు. మా అమ్మ మొదట పూజగదిలోకి తమ్ముణ్ణి రానివ్వాలా అని సందేహించింది. తర్వాత తనే "వాడి ప్రాణం నిలిపిన దాన్ని అంటు అంటానా" అంది.

మిగతా రెండు దారులు

పురీషనాళంలో జబ్బు పెద్దగా లేకపోతే పెద్దపేగు మాత్రం తీసి చిన్నపేగును నేరుగా పురీషనాళానికి కలపవచ్చు. కటిలోకి పోరు కాబట్టి నరాలకి, సంతానానికి భద్రం. ఒకటే ఆపరేషన్ కావచ్చు. కానీ అల్సరేటివ్ కొలైటిస్‌లో పురీషనాళమే జబ్బుకి పుట్టిల్లు. మందులు వాడుతూ ఉండాలి, క్యాన్సర్ కోసం క్రమం తప్పకుండా స్కోపీ చేయించాలి, కొంతమందికి కొన్నేళ్లకి అది కూడా తీయాల్సి వస్తుంది. పిల్లలు కనే వయసులో ఉన్న, చెకప్‌లకి కచ్చితంగా వచ్చే మనిషికి ఇది ఆలోచించదగ్గది. చెకప్‌లు ఎగ్గొట్టే మనిషికి వద్దంటాను.

కాక్ పౌచ్ అని ఇంకోటుంది, స్వీడన్ సర్జన్ నిల్స్ కాక్ 1969లో తెచ్చింది. సంచి పొట్ట లోపల ఉంటుంది, రోజుకి కొన్నిసార్లు గొట్టం పెట్టి ఖాళీ చేస్తారు, బయట బ్యాగు ఉండదు. లోపలి కవాటం జారిపోయి మళ్లీ ఆపరేషన్లు అవసరమవడం ఎక్కువ. చేసేవాళ్లు చాలా అరుదు.

క్రోన్స్ పెద్దపేగుకే ఉంటే లెక్క వేరు. ఒక్కచోటే ఉంటే ఆ ముక్క తీసి కలుపుతారు. రెండు మూడు చోట్ల ఉంటే ముక్కలు ముక్కలుగా తీసుకుంటూ పోవడం కంటే పెద్దపేగంతా తీయడంలో తిరగబెట్టడం తక్కువ. మలద్వారం చుట్టూ ఫిస్టులాలు బాగా ఉంటే కొంతకాలం స్టోమా పెట్టి కింది భాగానికి విశ్రాంతినిస్తారు. తాత్కాలికం అని పెట్టినది చాలామందికి శాశ్వతమైపోతుంది, ఈ మాట ముందే తెలిసి ఉండాలి. ఆపరేషన్ తర్వాత కూడా మందులు అవసరమవుతాయి, సిగరెట్ మానకపోతే జబ్బు త్వరగా తిరగబెడుతుంది.

ఎన్ని విడతలు, ఎక్కడ, ఎంత ఖర్చు

ఎమర్జెన్సీలోనో, ఎక్కువ స్టెరాయిడ్ మీదో, ఈమధ్యే బయలాజిక్స్ వాడుతూనో ఉన్నవాళ్లకి మూడు విడతలు: పెద్దపేగు తీయడం, కనీసం మూడు నుంచి ఆరు నెలల తర్వాత పౌచ్ కట్టి దాన్ని కాపాడడానికి పైన ఇంకో తాత్కాలిక స్టోమా పెట్టడం, మరో రెండు మూడు నెలలకి ఎక్స్‌రేలో లీకు లేదని చూసుకుని ఆ స్టోమా మూసేయడం. ఆరోగ్యంగా ఉండి ప్లాన్ చేసుకున్నవాళ్లకి రెండు విడతల్లో అవుతుంది. అన్నీ ఒకేసారి చేస్తామని ఎవరైనా అంటే, ఎందుకో విడమరిచి అడగండి. విడత ఎక్కువైతే ఖర్చు, సెలవులు ఎక్కువ, కానీ లీకయినప్పుడు జరిగే నష్టం తక్కువ.

పౌచ్ ఆపరేషన్ ఫలితం దాన్ని తరచూ చేసే చేతుల్లో బాగుంటుంది. మన ఊళ్లో నిమ్స్, ఉస్మానియా, గాంధీ లాంటి ప్రభుత్వ ఆస్పత్రుల్లో సర్జికల్ గ్యాస్ట్రో విభాగాలున్నాయి, కార్పొరేట్ ఆస్పత్రులూ ఉన్నాయి. ఆస్పత్రి బోర్డు చూసి కాకుండా సర్జన్ గారిని నేరుగా అడగండి: ఏడాదికి ఎన్ని పౌచ్‌లు చేస్తారు? లీకులు ఎన్ని? ఇక్కడ స్టోమా నర్సు ఉన్నారా? పౌచ్ పెట్టించుకుని రెండేళ్లయిన పేషెంటు ఒకరితో, శాశ్వత బ్యాగుతో ఉన్న ఒకరితో మాట్లాడించగలరా? మంచి సర్జన్లు ఈ ప్రశ్నలకి కోప్పడరు.

ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకి పెంచారు. మీ ఆపరేషన్ ఏ ప్యాకేజీలోకి వస్తుందో, రెండో మూడో విడతలకి మళ్లీ అనుమతి కావాలో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను మొదటి విడతకి ముందే అడగండి. ప్రైవేటు ఇన్సూరెన్స్ అయితే అదే ప్రశ్న ఆస్పత్రిలో ఇన్సూరెన్స్ పనులు చూసే టీపీఏ డెస్కులో. బ్యాగుల ఖర్చు మాత్రం చాలావరకు మన జేబు నుంచే. సెట్టు వందల రూపాయల్లో ఉంటుంది, నెలకి ఎనిమిది నుంచి పది ఫ్లాంజ్‌లు పడతాయి. మేం కోఠిలో సర్జికల్ సామాన్ల షాపులు తిరిగి, రెండు మూడు కంపెనీల శాంపిల్స్ పెట్టి చూసి, తమ్ముడి చర్మానికి పడింది ఎంచుకున్నాం. పెద్ద పెట్టె కొనేముందు ఒక్కొక్కటి వాడి చూడండి.

నన్నడిగితే: వయసులో ఉండి, అల్సరేటివ్ కొలైటిస్ అని గట్టిగా తేలి, కండరం బలంగా ఉండి, ఏడాదిపాటు ఓపిక పట్టగలిగితే పౌచ్ వైపు మొగ్గుతాను. క్రోన్స్ అనుమానం ఏమాత్రం ఉన్నా, పదేపదే ఆపరేషన్లకి ఒళ్లు సహకరించకపోయినా, పని దగ్గర టాయిలెట్ దొరకని బతుకైనా బ్యాగు వైపు. డ్రైవర్లు, పొలం పనివాళ్లు, ట్రాఫిక్‌లో గంటలు నిలబడేవాళ్లు కొందరు పౌచ్ కంటే బ్యాగుతోనే హాయిగా ఉన్నారని వార్డులో విన్నాను. ఇంకా ఎటూ తేల్చుకోలేకపోతే మొదటి ఆపరేషన్ దగ్గర ఆగండి. పురీషనాళానికి స్కోపీ చెకప్‌లు మానకుండా ఏడాదైనా రెండేళ్లయినా ఆగొచ్చు.

ఏది ఎంచుకున్నా ఒక కాగితం మీద ఏ ఆపరేషన్, ఏ తేదీ, ఏమేం తీశారు, ఏం మిగిలింది అని రాసి, డిశ్చార్జ్ సమ్మరీ ఫొటోతో పాటు ఇంటిల్లిపాది ఫోన్లలో పెట్టుకోండి. కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతులు, బ్యాగులోకి గంటల తరబడి ఏమీ రాకపోవడం కలిసి వచ్చాయంటే పేగు మూసుకుపోయి ఉండవచ్చు. అప్పుడు దగ్గర్లోని క్లినిక్‌లో విరేచనాల మందు గానీ ఎనిమా గానీ ఇవ్వబోతే ఆ కాగితం చూపించి ఆపండి, ఆపరేషన్ చేసిన ఆస్పత్రి ఎమర్జెన్సీకి నేరుగా వెళ్లండి.